అడవి దారికి గేటు పడిన ఊరు ఏం చేయాలి: ఒక కూపు గుమాస్తా చెప్పే పద్ధతి

మాది నల్లమల అంచున, ఆత్మకూరుకు దగ్గర్లో ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా అయింది కానీ మా ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నిటి మీదా కర్నూలు జిల్లా అనే ఉంటుంది. 1974లో ఒక కర్ర కాంట్రాక్టరు దగ్గర పర్మిట్ గుమాస్తాగా చేరి పద్దెనిమిదేళ్లు పనిచేశాను. కూపులో, అంటే కర్ర కొట్టుకోవడానికి ఫారెస్టు వాళ్లు ఇచ్చే అడవి ముక్కలో, పడిన దుంగ మీద ఫారెస్టు సుత్తి ముద్ర ఉందో లేదో చూసుకోవాలి, చుట్టుకొలత రాసుకోవాలి, లారీకి పర్మిట్ తెచ్చి గేటు దాటించాలి. అదీ నా పని. గేటు దగ్గర ఏ కాగితం చెల్లుతుందో, ఏ మాట చెల్లదో ఆ పద్దెనిమిదేళ్లలో నేర్చుకున్నాను.

ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు వస్తుంటారు. "పెద్దాయనా, మా దారికి ఫారెస్టోళ్లు గేటు వేసినారు, అర్జీ రాసియ్యి" అంటారు. ఏమని రాయాలి అంటే అందరిదీ ఒకే మాట: గేటు తీసేయమని. ఆ ఒక్క మాట రాసిన అర్జీ ఒక్కటి కూడా ఫలించగా నేను చూడలేదు. అడవిలో గేటు పూర్తిగా తీసేసే అధికారం రేంజరుకు ఉండదు. ఉన్నా తీయడు, రేపు పులికి ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే. అందుకే వచ్చినవాళ్లందరికీ ముందు ఇదే చెబుతాను. గేటు ఎవరి కోసం, ఏ వేళకు, ఏ పనికి తీయాలో తేల్చుకుని అంతవరకే అడగండి. అది తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను.

దారి ఎప్పుడు పోయిందో ముందు చూసుకోండి

గేటు పడ్డ రోజునే దారి పోయిందని ఊరు అనుకుంటుంది. చాలా ఊళ్లలో దారి అంతకు ముందే పోయి ఉంటుంది.

నల్లమలలో బండి బాటలన్నీ కూపుల కోసం పుట్టినవో, కూపుల వల్ల బాగుపడినవో. గుంటూరు, నంద్యాల వైపు రైలు పట్టాలు పడినప్పటి నుంచి మా కొండల కర్రకు గిరాకీ ఉంది. నల్లమద్ది, ఏగి, చిరుమాను, టేకు దుంగలు ఒకవైపు, పేపరు మిల్లులకు వెదురు ఇంకోవైపు పోయేవి. వానలు తగ్గగానే కాంట్రాక్టరు కూలీలను పెట్టి బాట సాపు చేయించేవాడు. వంకల్లో రాళ్లు పరిపించేవాడు. అది ఊరి మీద ప్రేమతో చేసింది కాదు, లారీ ఇరుసు విరిగితే నష్టం ఆయనదే. అయినా ఆ బాట మీదే మా పిల్లలు బడికి పోయారు, మా జేజి సంతకు పోయింది, పెళ్లి బండ్లు నడిచాయి.

తర్వాత ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల రిజర్వు వచ్చింది. మూడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి అందులోకి పోయింది. 1988 జాతీయ అటవీ విధానం అడవిని ఆదాయం కోసం చూడకూడదని తేల్చి చెప్పింది. 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ప్రకటించారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అడవుల్లో కర్ర నరకడం మీద దేశమంతా కట్టడి పడింది. కూపులు ఆగాక లారీలు ఆగాయి. బాట సాపు చేయించే మనిషి లేకుండా పోయాడు. రెండు మూడు వానాకాలాలకు వంకల దగ్గర బాట కోసుకుపోయింది. కోత మిల్లులు, లారీ మెకానిక్కులు, బండ్లకు ఇరుసులు చేసే కమ్మరులు, డ్రైవర్లకు అన్నం వండే హోటళ్లు అప్పుడే మూతపడ్డాయి. మా వీధి చివర హోటల్ నడిపిన అక్క రోజుకు మూడు కుంచాల బియ్యం వండేది. గేటు పడేసరికి ఆ పొయ్యి ఆరిపోయి చాలా కాలమైంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కోసుకుపోయిన వంకకు కావలసింది మరమ్మతు. గేటుకు కావలసింది అనుమతి. రెండూ ఒకే అర్జీలో కలిపితే రెండూ ఆగిపోతాయి. దారి వెంట మొదలు నుంచి చివర దాకా ఒకసారి నడవండి. ఎక్కడ గేటు ఆపుతోంది, ఎక్కడ గుంత ఆపుతోంది అన్నది విడివిడిగా రాసుకోండి.

ఏ రకం మూత

మీ దారి ఎలా మూసుకుందో ఈ నాలుగింటిలో చూసుకోండి.

ఒకటి రాత్రి మూత. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. రాత్రిపూట జంతువులు రోడ్డు మీదికి వస్తాయి, లైటు వెలుతురుకు కదలక నిలబడిపోతాయి. ఈ కట్టడికి కారణం నిజమైనది. దీన్ని ఎత్తేయమని నేను ఎవరికీ అర్జీ రాసివ్వను. మినహాయింపులు అడగడం వేరు, అది తప్పకుండా అడగాలి.

రెండోది కాలాన్ని బట్టి మూత. ఎండాకాలంలో నిప్పు భయంతో మూస్తారు. వానాకాలంలో యాత్రికులను, సందర్శకులను లోపలికి రానివ్వరు.

మూడోది కందకం. బాటకు అడ్డంగా జేసీబీతో గుంత తవ్వి, మట్టి గట్టులాగా పోస్తారు. కర్ర దొంగలు, వేటగాళ్లు బండ్లతో రాకుండా చేసే పని. దీని గురించి బోర్డు ఉండదు, టైమింగు ఉండదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే కందకం దగ్గర నిలబడి మాట్లాడదామంటే మనిషే ఉండడు.

నాలుగోది పైకి కనిపించని మూత. దారి తెరిచే ఉంటుంది, బస్సు మాత్రం ఆగిపోతుంది. లేదంటే తారు వేయడానికి డబ్బు మంజూరవుతుంది, అటవీ అనుమతి రాదు. ఇక్కడ గేటు లేదు కాబట్టి ఫారెస్టోళ్లతో గొడవ పడి లాభం లేదు. రోడ్డు శాఖ అనుమతికి దరఖాస్తు పెట్టిందా లేదా అన్నది ముందు కనుక్కోవాలి. పెట్టనే లేదని తేలిన సందర్భాలు నేను చూశాను.

ఆ దారి ఎవరిది

దీనికి ఒక రోజు పట్టినా, వారం పట్టినా తేల్చుకునే ముందుకు కదలండి. నా అనుభవంలో సగం కేసు ఇక్కడే తేలిపోతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు పోవచ్చో చెబుతుంది. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి, లోపల నివసించడానికి అనుమతి ఉన్నవాడు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవాడు, పబ్లిక్ హైవే మీద అడవి గుండా దాటిపోయేవాడు, మొదటి ముగ్గురి మీద ఆధారపడ్డవాళ్లు. వీళ్లకు విడిగా పర్మిట్ అక్కర్లేదు. కాబట్టి మీ దారి రోడ్లు భవనాల శాఖ రిజిస్టరులో ఉన్న రోడ్డా, పంచాయతీరాజ్ రోడ్డా, కూపు కోసం ఫారెస్టు వాళ్లే వేసుకున్న బాటా అన్నదాన్ని బట్టి మీ హక్కు మారిపోతుంది. కూపు బాట అయితే అది వాళ్ల సొంతం. మీరు ఎన్నేళ్లు నడిచినా దాన్ని రోడ్డు అనరు.

గ్రామ సచివాలయంలో సర్వేయరును అడిగి ఊరి నక్షా చూడండి. డొంక అనో, బండి దారి అనో గీత ఉంటే ఆ సర్వే నంబరు రాసుకోండి. అడవి హద్దు రాయి దగ్గర ఆ గీత ఆగిపోయి ఉంటుంది. అక్కడి నుంచి లోపలి సంగతి ఫారెస్టు సెటిల్‌మెంట్ కాగితాల్లో దొరుకుతుంది. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద అడవులను రిజర్వు చేశారు. అప్పుడు సెటిల్‌మెంట్ ఆఫీసరు ఊరివాళ్ల హక్కులు విచారించి, ఒప్పుకున్నవి రాసిపెట్టాడు. నడిచే దారి, పశువులు నీళ్లకు పోయే దారి, గుడికి పోయే దారి లాంటివి. మీ ఊరికి ఒప్పుకున్న దారి ఉందో లేదో అడిగి తీరాలి. ఇలాంటి కాగితం ఒకటుందని తెలియకే మన ఊళ్లు అడగకుండా ఉండిపోతున్నాయి.

ఇంకో మాట. 1927 భారత అటవీ చట్టం 25వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవిలో దారిని మూయాలంటే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ముందుగా ఉండాలి, తగినంత అనుకూలమైన వేరే దారి అప్పటికే ఉండాలి, లేకపోతే వేసి ఇవ్వాలి. మన రాష్ట్రంలో నడిచేది 1967 నాటి సొంత అటవీ చట్టం. కాబట్టి 25వ సెక్షన్ అని రాసి వాదించకండి. "ఏ చట్టం, ఏ సెక్షన్ కింద మూశారు? మాకు చూపించిన ప్రత్యామ్నాయ దారి ఏది?" అని ప్రశ్నగా రాయండి. జవాబు రాయాల్సిన బాధ్యత వాళ్ల మీద పడుతుంది.

ఈ ప్రశ్నలు వేయడానికి సమాచార హక్కు చట్టం ఉంది. డివిజన్ ఫారెస్టు ఆఫీసులోని పౌర సమాచార అధికారి పేరు మీద రాయాలి. మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు ఉన్నవాళ్లు దాని నకలు జత చేస్తే రుసుము కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు.

నేను రాసిచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి. "ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి పోయే దారిలో ఫలానా చోట ఉన్న గేటుకు సంబంధించిన ఉత్తర్వు నంబరు, తేదీ, నకలు ఇవ్వగలరు. ఆ ఉత్తర్వులో మినహాయింపులు ఉంటే వాటి నకలు ఇవ్వగలరు. గేటు తాళంచెవి రాత్రివేళ ఎవరి వద్ద ఉంటుందో, ఆ ఉద్యోగి హోదా తెలుపగలరు. రిజర్వు అడవి ప్రకటించినప్పుడు మా గ్రామానికి ఒప్పుకున్న హక్కుల వివరాల నకలు ఇవ్వగలరు." అంతే. ఎందుకు మూశారు, మా గతేంటి అని రాయకండి. అలాంటివాటికి ఈ చట్టం కింద జవాబు రాదు. కాగితం అడిగితే కాగితమే వస్తుంది.

నెల రోజుల పుస్తకం

మా ఊళ్లో ఏదైనా పని జరిగిందంటే ఈ పుస్తకం వల్లే జరిగింది.

ఎనిమిదేళ్ల కిందట ఒక రాత్రి పదిన్నరకు మా చిన్న కోడలికి నొప్పులు మొదలయ్యాయి. 108కి ఫోన్ చేశాం. బండి గేటుకు అవతల వచ్చి నిలబడింది, మేము ఆటోలో ఇవతల నిలబడ్డాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అక్కడ ఎవరికీ తెలియలేదు. నలభై నిమిషాలు. నా కొడుకు గేటు కింది నుంచి దూరి అవతలికి పోయి కనబడిన ప్రతివాణ్నీ అడిగాడు. చివరికి తాళం దొరికింది, కోడలు ఆసుపత్రి చేరింది, తల్లీ బిడ్డా క్షేమం. మనవడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఆ నలభై నిమిషాల్లో నా కోడలు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

మర్నాడు ఊరంతా గేటు విరగ్గొడదామంది. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను.

దారి చీలే చోట టీ బంకు ఉంది. అక్కడ ఉదయం నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు కూర్చునేలా ఇంటర్ చదివే పిల్లల్ని ముగ్గుర్ని వంతులు పెట్టాను. పుస్తకంలో గడులు గీశాను: తేదీ, వేళ, మనిషి ఏ ఊరు, ఎక్కడికి, ఏ పని మీద, ఏ బండి, గేటు దాటాడా తిరిగిపోయాడా, తిరిగిపోతే ఏ దారిన పోయాడు, అదనంగా ఎంత ఖర్చు. పేర్లు రాయలేదు. పేరు రాస్తున్నారంటే జనం నిజం చెప్పరు.

నెల గడిచాక లెక్క తీస్తే నేను అనుకున్నది తప్పని తేలింది. మిర్చి, మొక్కజొన్న లోడు బండ్లకే ఎక్కువ ఇబ్బంది అనుకున్నాను. వాటికి పెద్ద ఇబ్బంది లేదు, పగలు పోతున్నాయి. ఎక్కువగా తిరిగిపోయినవి తెల్లవారుజామున పాల క్యాన్లు తెచ్చే మోటారు సైకిళ్లు, కూలికి పోయే ఆడవాళ్ల ఆటోలు. గేటు 6కు తీస్తారు. పాల బండి అవతల జంక్షన్‌కు 6కే వచ్చి పదిహేను నిమిషాలు ఆగి పోతుంది. ఆ పావుగంట మీద ఇరవై ఇళ్ల బతుకు ఆధారపడి ఉంది.

పుస్తకం చూపించిన ముఖ్యమైన సంగతి ఏమంటే, పాల విషయంలో మేము ఫారెస్టు వాళ్లను అడగాల్సిన పనే లేదు. పాల కేంద్రం వాళ్లతో మాట్లాడి బండిని ఏడింటికి రమ్మన్నాం. ముందు ఒప్పుకోలేదు. పుస్తకంలో రోజూ వెనక్కి పోయిన లీటర్ల లెక్క చూపించాక ఒప్పుకున్నారు. అక్కడితో ఆ బాధ తీరింది.

మిగిలినవాటిలో నిజంగా గేటుతో పనిబడేవి మూడే. ఆసుపత్రి, చావు, అడవి లోపలి చెంచు గూడెంవాళ్ల రాకపోకలు. ఆ మూడింటికే అర్జీలు పెట్టాం, గూడెంది విడిగా. ఆసుపత్రికి, చావుకు కావలసింది తాళంచెవి అందుబాటులో ఉండటం. గేటు దగ్గర బోర్డు పెట్టి డ్యూటీలో ఉన్న వాచరు నంబరు, సెక్షన్ ఆఫీసరు నంబరు రాయమన్నాం. రెండో తాళంచెవి బేస్ క్యాంపులో, అంటే ఫారెస్టు వాచర్లు అడవిలో మకాం ఉండే చోట, ఉంచమన్నాం. అత్యవసరంగా పోయిన ప్రతి బండినీ రిజిస్టరులో రాసుకోమని మేమే అడిగాం. ఈ చివరి మాటే పని చేసింది. అధికారి భయమల్లా మినహాయింపు పేరుతో కర్ర బండి పోతుందేమోనని. రాతకోతలకు మేమే ముందుకొస్తే ఆయన భయం తగ్గింది. రెండు నెలల్లో బోర్డు వచ్చింది.

మీ పుస్తకంలో లెక్క వేరుగా తేలుతుంది. పుస్తకం మొదలుపెట్టకముందే కోరికల జాబితా రాయకండి.

గూడెం మాట విడిగా అడగండి

కర్ర కూపులు మొదలుకాక ముందు నుంచీ ఈ అడవిలో ఉన్నవాళ్లు చెంచులు. బైర్లూటి, నాగలూటి, పెచ్చెరువు, ఇంకా ఎన్నో గూడేలు. దారి మూస్తే మన ఊరికి చుట్టు ఎక్కువవుతుంది. వాళ్లకు తేనె, బంక, చిల్లగింజలు, ఉసిరి తెచ్చి అమ్ముకునే దారీ పోతుంది, రేషన్ సరుకు గూడేనికి చేరే దారీ పోతుంది. గిరిజన సహకార సంస్థ కొనే బండి రాకపోతే దళారి చెప్పిందే రేటు.

అటవీ హక్కుల చట్టం 2006 వాళ్లకు బలమైనది. చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించుకుని అమ్ముకునే హక్కు అందులో రాసి ఉంది. అదే చట్టం 3వ సెక్షన్ 2వ ఉపసెక్షన్ కింద బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు లాంటి 13 రకాల సదుపాయాలకు ఒక్కోదానికి హెక్టారు కంటే తక్కువ అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. హెక్టారు అంటే పదివేల చదరపు మీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు బాటకు రెండున్నర కిలోమీటర్లు వస్తుంది. చాలా గూడేలకు ఆ మాత్రం చాలు. అభయారణ్యం, పులుల రిజర్వు లోపలైతే వన్యప్రాణి చట్టం కింద అనుమతులు విడిగా కావాలి, అది మరిచిపోకండి.

చెంచులు కానివాళ్లం మనం కూడా సంప్రదాయ అటవీ వాసులుగా ఈ చట్టం కింద అడగొచ్చు. కానీ 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవిలో ఉండి దాని మీద బతికినట్లు రుజువు కావాలి. కూపు పని కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు ఇది కుదరడం కష్టం. మా కుటుంబానికి కుదరలేదు. కుదరనప్పుడు గూడెంవాళ్ల పేరు మన అర్జీలో వాడుకోవడం న్యాయం కాదు. కొన్ని ఊళ్లలో అదే చేశారు. చెంచుల కోసం అని చెప్పి దారి తెరిపించి, చివరికి ఇసుక ట్రాక్టర్లు తోలుకున్నారు. మర్నాటి నుంచి చెంచులకు కూడా దారి లేకుండా పోయింది. గూడెం పెద్దలతో కూర్చోండి. వాళ్ల అర్జీ వాళ్లు పెట్టుకుంటే మీరు తోడు నిలబడండి.

అర్జీ ఎవరికి, ఎలా

గ్రామసభ తీర్మానం లేకుండా వ్యక్తిగా పెట్టిన అర్జీ బలహీనం. తీర్మానంలో మూడు ముక్కలుంటే చాలు. దారి పేరు, సర్వే నంబరు. పుస్తకంలో తేలిన లెక్క. కోరుతున్న మినహాయింపు, దానికి ఊరు పెట్టుకునే కట్టుబాటు. ఆ కట్టుబాటు గట్టిగా రాయండి. "ఈ మినహాయింపు కింద పోయే బండిలో కర్ర, వేట మాంసం దొరికితే ఊరే ఆ బండిని అప్పగిస్తుంది" అని మా తీర్మానంలో ఉంది. రాసినప్పుడు కొందరు యువకులు కోప్పడ్డారు. దాని మీద సంతకం చేశాకే రేంజరు మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడాడు.

నకళ్లు సెక్షన్ ఆఫీసరుకు, రేంజరుకు, డివిజన్ ఆఫీసరుకు ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. నెల చూసి, సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో ఇవ్వండి. మొదటే కలెక్టరు దగ్గరికి పోతే ఆ కాగితం తిరిగి రేంజరు దగ్గరికే వస్తుంది, ఆయన మనసులో కష్టం పెట్టుకుంటాడు.

మినహాయింపు కుదురుతుందా అని ఎవరైనా సందేహపడితే శివరాత్రి దారి చూపించండి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం పోయే కాలిబాట మిగతా రోజుల్లో జనానికి మూసే ఉంటుంది. శివరాత్రికి, ఉగాదికి మాత్రం కొద్ది రోజులు తెరుస్తారు. కన్నడ భక్తులు వేలల్లో నడుస్తారు. నీళ్ల ఏర్పాటు, వైద్య శిబిరాలు, ప్లాస్టిక్ మీద కట్టడి అన్నీ ఉంటాయి. ఎవరికి, ఎన్ని రోజులు, ఏ షరతుల మీద అన్నది ముందే తేల్చుకున్నారు కాబట్టి అది ఏటా నడుస్తోంది. నా అర్జీల్లో ఈ దారి ప్రస్తావన తప్పకుండా ఉంటుంది.

గేటు ఉన్నా ఊరు బతకాలి

అర్జీ తేలేలోపు తిండి తినాలి కదా. కూపులు పోయిన ఊళ్లలో ఇప్పుడు అడవిలో నెల జీతం వచ్చే పనులు బేస్ క్యాంపు వాచర్లు, ఎండాకాలం ఫైర్ వాచర్లు, బైర్లూటి లాంటి చోట జంగిల్ క్యాంపు పనులు. ఇవి తక్కువ, అందరికీ రావు. కానీ ఎండాకాలం మొదలుకాక ముందే, జనవరిలోనే రేంజి ఆఫీసుకు పోయి అడగాలి. మార్చిలో అడిగితే మనుషుల్ని తీసేసుకుని ఉంటారు.

యాత్ర రోజుల్లో దారి వెంట మజ్జిగ, పండ్లు, చెప్పులు అమ్ముకునేవాళ్లకు ఆ పది రోజులు మంచి రాబడి. మా హోటల్ అక్క ఇప్పుడు మళ్లీ పొయ్యి ముట్టిస్తోంది, ఆ రోజుల్లో మాత్రమే. జొన్న రొట్టె, పచ్చిమిరపకాయ కారం. కన్నడ యాత్రికులకు ఆ రొట్టె సొంత ఇంటి రొట్టెలాగే ఉంటుంది.

కిరాణా కొట్లవాళ్లు వానాకాలానికి ముందే ఉప్పు, నూనె, మందులు నెలకు సరిపడా తెచ్చి పెట్టుకోండి. ఏడో నెల దాటిన గర్భిణుల లిస్టు ఆశా వర్కరు దగ్గర తీసుకుని, కాన్పు తేదీకి వారం ముందే గేటు అవతలి బంధువుల ఇంటికి పంపండి. బోర్డు మీద నంబరు ఉన్నా సరే పంపండి.

వీటి జోలికి పోకండి

కందకం రాత్రికి రాత్రి పూడ్చకండి. గేటు తాళం పగలగొట్టకండి. రిజర్వు అడవిలో, అభయారణ్యంలో అది కేసు అవుతుంది. కేసు పడ్డ కుర్రాడికి తర్వాత వాచరు పని కూడా రాదు. కర్ర ఉన్న బండి పట్టుబడితే బండిని జప్తు చేస్తారు, ఫైనాన్సులో కొన్న ఆటో అయినా వదలరు. గేటు దగ్గర చేతిలో డబ్బు పెట్టి దాటడం అలవాటు చేసుకుంటే, ఉత్తర్వులో ఉన్న మినహాయింపుకు కూడా రేపటి నుంచి డబ్బే అడుగుతారు.

చివరిగా ఫైలు సంగతి. అధికారి బదిలీ అయితే మినహాయింపు ఆయనతోపాటే పోతుంది. ఇది మా ఊళ్లో రెండుసార్లు జరిగింది. తీర్మానం, రసీదులు, ఉత్తర్వు నకలు, లాంగ్ నోట్‌బుక్కు ఒక గుడ్డసంచిలో కట్టి పంచాయతీ ఆఫీసు బీరువాలో పెట్టించాను. జిరాక్సులు మూడు ఇళ్లలో ఉన్నాయి. కొత్త రేంజరు వచ్చిన వారంలోపే ఐదుగురు పోయి కలవాలి, అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు గూడెం మనిషి ఉండాలి. నకలు ఆయన టేబుల్ మీద పెట్టి, గేటు బోర్డు మీద కొత్త నంబరు రాయించుకుని రావాలి. పోయిన నెల కూడా పోయొచ్చాం.